ఆడిట్ ఆఫీసులో ఏడీహెచ్‌డీ, ఆటిజం ఉన్న ఉద్యోగి: పని చెప్పే తీరులో ఏమేం మార్చాలి?

బెజవాడ లెడ్జర్:

విజయవాడలో తొమ్మిది మంది ఉన్న ఆడిట్ ఆఫీసు. జీఎస్టీ పనులు చూసే నలుగురికి పని పంచే బాధ్యత నాది. అందులో ఒకమ్మాయికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, పనులు వరుసలో పెట్టుకోవడం కష్టమయ్యే తీరు), ఆటిజం (మాటల్నీ, శబ్దాల్నీ, మనుషుల తీరునీ మెదడు వేరేగా తీసుకోవడం) రెండూ ఉన్నాయని డాక్టర్ తేల్చారు. నాకు తనే చెప్పింది. పేరూ ఊసూ లేకుండా ఇక్కడ అడగడానికి ఒప్పుకుంది.

పార్టీ (మా క్లయింటు) కొన్న బిల్లుల పర్చేజ్ రిజిస్టర్‌నీ, అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే 2బీ పట్టికనీ పోల్చే పనిలో ఆమె తర్వాతే ఎవరైనా. ఇన్‌వాయిస్ నంబర్లో సున్నా బదులు 'ఓ' అక్షరం పడినా దొరకబుచ్చుకుంటుంది. కానీ నోటితో మూడు పనులు చెబితే మధ్యది ఎగిరిపోతుంది. పార్టీల ఫోన్లు ఎత్తదు. ఎత్తినా ఏం మాట్లాడారో రాసుకోదు. పైసల తేడా కోసం గంటన్నర కూర్చుంటుంది, ఇవాళ వెళ్లాల్సిన 3బీ (నెలనెలా 20లోపు వేసే జీఎస్టీ రిటర్న్) మాత్రం అలాగే ఉంటుంది. 18, 19 తారీఖుల్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే బిగుసుకుపోతుంది.

నాకు కావాల్సింది పనికొచ్చే వివరాలు. పని ఎలా చెప్పాలి? ఫోన్ల సంగతేంటి? 'వైకల్య సర్టిఫికెట్ తెమ్మను, అప్పుడు చూద్దాం' అంటున్నారు మా సార్. అడగవచ్చా?

పలకా బలపం:

ముందు ఆమెనే అడగండి. కానీ 'నీకేం కావాలో చెప్పమ్మా' అని మాత్రం వద్దు. అంత వెడల్పు ప్రశ్నకి నిలబడ్డ చోట జవాబు పుట్టదు. 'ఏం వద్దు సార్' అంటారు, మీరు నిజంగానే ఏం వద్దనుకుంటారు. రెండు రెండు చొప్పున ఎంచుకోమనండి. పని కాగితం మీద ఇవ్వనా, వాట్సాప్‌లో పెట్టనా? సీటు గోడవైపు జరపనా, ఇక్కడే ఉంచనా? ప్రశ్నలు రాసిచ్చి, జవాబు రేపు చెప్పమనండి.

ఇక అసలు సంగతి. మన ఆఫీసుల్లో ఆర్డర్ ఎప్పుడూ ఆర్డర్‌లా వినపడదు. 'వీలుంటే ఆ ఫైల్ ఒకసారి చూడమ్మా' అంటే సాయంత్రంలోపు పూర్తి చేయమని. 'అది తర్వాత చూద్దాంలే' అంటే ఒక్కోసారి తర్వాత చూద్దామని, ఒక్కోసారి ఇక ఆ మాటెత్తొద్దని. 'కొంచెం చూసుకుని చెయ్యి' అంటే పోయిన నెల తప్పు జరిగింది, నాకు కోపంగా ఉంది అని. మిగతా ముగ్గురూ మీ గొంతునీ ముఖాన్నీ బట్టి లెక్క కట్టుకుంటారు. ఆటిజం ఉన్న మనిషి మీరన్న మాటనే తీసుకుంటుంది. వీలుంటే చూడమన్నారు, వీలు కాలేదు, చూడలేదు. అందులో పొగరూ లేదు, నిర్లక్ష్యమూ లేదు. 'వీలుంటే' తీసేసి టైమ్ చెప్పండి. మర్యాద తగ్గుతుందనుకుంటే 'అమ్మా' ఉంచుకోండి, 'వీలుంటే' ఒక్కటీ వదిలేయండి.

పని చీటీ ఇలా ఉంటే సరిపోతుంది: 'ఫలానా రైస్‌మిల్. సెప్టెంబర్. పర్చేజ్ రిజిస్టర్, 2బీ పోల్చాలి. ఇన్‌వాయిస్‌కి 10 రూపాయల లోపు తేడా వదిలేయి. మిగతావి ఎక్సెల్‌లో పసుపు రంగు. ఫైల్ పార్టీ ఫోల్డర్‌లో. గురువారం 4 గంటలకి నాకు చెప్పాలి.' ఇందులో అందరూ మర్చిపోయేది ఆ 10 రూపాయల వాక్యమే. ఎక్కడ ఆపాలో చెప్పకపోతే ఆమె దృష్టిలో పని ఇంకా అయినట్టు కాదు. పైసల తేడా మీద గంటన్నర పోవడానికి కారణం మొండితనం కాదు, మీ చీటీలో లేని హద్దు. ఎంత తేడా వదిలేయవచ్చో పార్టీని బట్టి మీ సార్‌నే తేల్చమనండి. ఆమె నెత్తిన పెట్టొద్దు.

నోటితో చెప్పక తప్పకపోతే ఒకసారికి ఒకే పని. విన్నదాన్ని ఆమె చేత తిరిగి చెప్పించుకుంటే బడిలో అప్పజెప్పించుకున్నట్టు ఉంటుంది. ఆ గొడవ లేకుండా తనే రెండు లైన్లు రాసి మీకు చూపించేలా అలవాటు చేయండి. ఏడీహెచ్‌డీలో విన్నమాటని పట్టి ఉంచే చోటు ఇరుకు. మూడో పని లోపలికి వస్తే రెండోది జారిపోతుంది. శ్రద్ధగా వినడం వేరు, విన్నది నిలవడం వేరు.

'అర్జెంట్' అనే మాట ఒకసారికి ఒక్క పనికే వాడండి. మధ్యలో ఇంకోటి ఇవ్వాల్సి వస్తే, చేతిలో ఉన్నదాన్ని పక్కన పెట్టమని మీరే చెప్పండి. పెట్టేముందు ఆపిన చోటు రాసుకోమనండి: '214వ వరుస దాకా అయింది, తర్వాత క్రెడిట్ నోట్లు చూడాలి.' ఆ ఒక్క లైన్ లేకపోతే వెనక్కి వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

దొంగ గడువులు పెట్టొద్దు. 20కి కావాల్సింది 17 అని చెబితే మొదటి నెల పనిచేస్తుంది. రెండో నెలకి అసలు తేదీ 20 అని తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే ఏ తేదీకీ విలువుండదు. దాని బదులు నిజంగా చేతులు మారే మెట్లు పెట్టండి. 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) అయిపోతుంది, 14న 2బీ వస్తుంది. 16 మధ్యాహ్నానికి మొదటి ఎనిమిది పార్టీల తేడాల పట్టిక మీ టేబుల్ మీద ఉండాలి, అది చూసి పార్టీలకి ఫోన్లు చేసేవాళ్లు అప్పుడే మొదలుపెట్టాలి. అవతల ఒక మనిషి ఎదురు చూస్తున్నాడంటే ఏడీహెచ్‌డీ మెదడు కదులుతుంది. క్యాలెండర్ మీద ఎర్ర అంకె చూసి కదలదు.

ఫోన్ల విషయంలో నిర్మొహమాటంగా చెబుతున్నా: అది ఆమె పని కాదని తీసేయండి. నలుగురిలో ఒకరికి ఫోన్లు ఎక్కువ, ఒకరికి పోల్చే పని ఎక్కువ అయితే మునిగేదేం లేదు. పూర్తిగా తీసేయడం కుదరకపోతే ఉదయం 10:30 నుంచి 12:30 దాకా ఆమె ఫోన్ సైలెంట్‌లో ఉండనివ్వండి. మిగతా టైమ్‌లో ఎత్తినప్పుడు నాలుగు గడులున్న చీటీ పక్కనే ఉండాలి: ఎవరు, నంబర్, ఏం అడిగారు, ఎప్పటికి. ఇంకో ఇబ్బంది పార్టీలు పంపే వాయిస్ మెసేజ్‌లు. నాలుగు నిమిషాల ఆడియోలో పనికొచ్చేది ఒక అంకె ఉంటుంది, అది ఎక్కడుందో వెతకాలి. 'బిల్ ఫోటో, ఒక లైన్ మెసేజ్ మాత్రమే' అని పార్టీలందరికీ ఆఫీస్ తరఫున పంపండి. దానివల్ల బాగుపడేది ఆమె ఒక్కతే కాదు.

గెజిట్ గోపాలం:

సర్టిఫికెట్ గురించి. మీ సార్ రెండు వేర్వేరు విషయాలు కలిపేస్తున్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూల్‌లో 21 రకాలు. ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, మానసిక అనారోగ్యం ఉంది. ఏడీహెచ్‌డీకి విడిగా పేరు లేదు. కాబట్టి ఏడీహెచ్‌డీ ఒక్కదాని మీద సర్టిఫికెట్ తెమ్మంటే ఏ గడిలో పెట్టాలన్న దగ్గరే ఆగిపోవచ్చు. ఈమె విషయంలో దారి ఆటిజమే.

ఆటిజానికి మన దగ్గర వాడే కొలత ఐఎస్‌ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం). సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థే దాన్ని తయారు చేసింది (ఇప్పటి పేరు నీపిడ్). 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆ కొలత లెక్కన ఆటిజం లేనట్టే. ఏళ్ల తరబడి పది మందిలో సర్దుకుపోవడం నేర్చుకున్న పెద్దవాళ్లకి ఇక్కడే చిక్కు. బయటికి కనపడే లక్షణాలు తగ్గితే మార్కులూ తగ్గుతాయి, లోపలి అవస్థ అంతే ఉంటుంది. సైకియాట్రిస్ట్ రాసిచ్చిన రిపోర్ట్ ఉండి కూడా చేతిలో సర్టిఫికెట్ లేనివాళ్లు ఉండటానికి ఇదొక కారణం.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని చెప్పే సర్టిఫికెట్ అవసరమయ్యేది ప్రభుత్వ ఉద్యోగ రిజర్వేషన్, పింఛన్ లాంటి వాటికి. వైకల్యం ఉన్నవాళ్లకి తగిన సర్దుబాటు ఇవ్వడానికి ఆ 40 శాతం గీత వర్తించదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్‌సీ కేసులో సుప్రీంకోర్ట్ చెప్పింది. అది పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వాలా వద్దా అన్న కేసు, కానీ తీర్పులో చర్చించిన సూత్రం అక్కడితో ఆగేది కాదు.

చిన్న ఆఫీసు కదా, మనకేం వర్తించదులే అనుకోవద్దు. 2017 నియమాల్లో 8వది ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, ఆపైన ఉన్న ప్రైవేట్ సంస్థకైతే చాలా అంశాలు పెట్టాలి, అనుసంధాన అధికారిని కూడా నియమించాలి. 20 కంటే తక్కువ ఉంటే వికలాంగులు తమ పని సరిగా చేసుకోవడానికి ఇచ్చే సదుపాయాలేంటో అందులో రాస్తే చాలు. మీకు అది ఒక పేజీ. వెబ్‌సైట్ లేకపోతే అందరికీ కనపడేలా గోడకి అంటించాలి. నెలకి వంద నోటీసులకి జవాబులు రాసే ఆఫీసులో ఈ పేజీ లేకపోవడం వింతేమీ కాదనుకోండి, చాలాచోట్ల లేదు.

కాబట్టి అడగవద్దు. కుర్చీ జరపడానికి, చీటీ రాయడానికి సర్టిఫికెట్ ఎందుకు? తనే తీసుకోవాలనుకుంటే యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తుకి, మెడికల్ బోర్డ్‌కి వెళ్లడానికి సెలవు ఇవ్వండి. ఒక్క పూటతో తెమిలే పని కాదది.

ట్యూబ్‌లైట్:

మాటల గురించి పైన చెప్పారు, నేను గది గురించి.

పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు ఆరి వెలుగుతుంది, మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి. చాలామందికి తెలీదు, కొందరికి మధ్యాహ్నానికి తలనొప్పి. చవక ఎల్‌ఈడీలోనూ డ్రైవర్ నాసిరకమైతే ఇదే గొడవ. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టి లైట్ వైపు చూపండి. వీడియోలో వెలుగు కొట్టుకుంటూ కనపడితే ఆ లైట్ మార్చండి. పోయేది రెండు మూడొందలు.

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ అంటారు అందరూ. అవి ఫ్యాన్, ఏసీ, జనరేటర్ లాంటి ఎడతెగని మోతని బాగా తగ్గిస్తాయి. పక్క టేబుల్ మీద మాటలు, మెట్ల మీద నవ్వులు అంతగా ఆగవు. మాటలే ఇబ్బందైతే మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ మేలు: వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని వెనక్కి పైకి లాగి లోపల పెట్టి, అర నిమిషం వేలితో ఆపాలి. సగం బయటే ఉంటే పెట్టుకున్నా ఒకటే లేకపోయినా ఒకటే. అవి పెట్టుకున్న మనిషిని వెనక నుంచి భుజం తట్టి పిలవకండి. ఎదురుగా వచ్చి టేబుల్ మీద చేయి పెట్టండి.

సీటు: వీపు గోడకి, తలుపు కనపడేలా. దారి పక్కన వద్దు, ప్రింటర్ పక్కన అసలే వద్దు. యూపీఎస్ కుయ్‌మనే చోటు కూడా చూసుకోండి. పొద్దున పూజ చేసే ఆఫీసైతే అగరుబత్తి ఆమె టేబుల్‌కి దూరంగా. దేవుడేం అనుకోడు.

బెజవాడ లెడ్జర్:

అందరికీ థ్యాంక్స్. 10 రూపాయల హద్దు సంగతి ఇన్నాళ్లూ తట్టనే లేదు. ఇంకో రెండు అడుగుతా. ఒకటి, బిగుసుకుపోయినప్పుడు అక్కడున్నవాళ్లు ఏం చేయాలి? రెండు, 'ఆవిడకొక రూలు, మాకొక రూలా' అనే మాట అప్పుడే మొదలైంది. మిగతావాళ్లకి విషయం చెప్పేస్తే సర్దుకుంటారు కదా?

నాలుగో కుర్చీ:

రెండోదానికి ముందు జవాబు. చెప్పకండి. ఆమె మీకు చెప్పింది, ఆఫీసుకి కాదు. 'చెబితే అర్థం చేసుకుంటారు' అని మనం అనుకుంటాం. జరిగేదేమిటంటే రేపటి నుంచి ఆమె ఏ చిన్న తప్పు చేసినా 'పాపం తనకి అదుంది కదా' అంటారు, సరిగ్గా చేసింది ఎవరి కంటా పడదు. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది పూర్తిగా ఆమె ఇష్టం.

రూల్స్ గొడవ పోవాలంటే మార్పులు నలుగురికీ కలిపి పెట్టండి. పని చీటీ అందరికీ. ఫోన్లు లేని రెండు గంటలు వంతులవారీగా అందరికీ. ఉదయం 9:30 నుంచి 10:15 మధ్య ఎప్పుడొచ్చినా సరే, ఎనిమిదిన్నర గంటలు నిండాలి, అది కూడా అందరికీ. అప్పుడు ఆమెకి విడిగా మిగిలేది సీటు ఒక్కటే, దానికి ఎవరూ కారణం అడగరు.

పలకా బలపం గారితో ఒకచోట విభేదిస్తాను. పని వాట్సాప్‌లో పెట్టడం ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి గొయ్యి తవ్వినట్టే. మీ మెసేజ్ చూడ్డానికి తెరిస్తే పక్కనే ముప్పై గ్రూపులు, అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ గొడవ, పిన్ని కూతురి పెళ్లి ఫోటోలు. తెరిచిన పని ఏంటో మర్చిపోయి ఫోన్ కింద పెడతారు. మెసేజ్ 'చదివినట్టు' మీకు కనపడుతుంది, మీరు చెప్పాననుకుంటారు. కాగితం చీటీ, లేదా అందరికీ కనపడే ఒక ఎక్సెల్ షీట్. కీబోర్డ్ పక్కన చీటీలు మూడుకి మించకూడదు. నాలుగోది మీ దగ్గరే ఉండాలి.

ఇక బిగుసుకుపోవడం. అలిగినట్టో పెంకితనంలానో కనపడుతుంది, రెండూ కాదు. లోపలికి వస్తున్న మాటలు, వెలుగు, తొందర అన్నీ కలిసి మోయలేనంత అయ్యాక మాట ఆగిపోతుంది. అప్పుడు ప్రశ్నలు వేస్తే ఇంకా బరువెక్కుతుంది. 'ఏమైంది? నీళ్లు కావాలా? ఇంట్లోవాళ్లకి చెప్పనా?' అని మూడు గొంతులు చుట్టూ మూగడం అన్నిటికంటే చెడ్డది. ఒక్కరే దగ్గరికి వెళ్లాలి, ఒక్క వాక్యం చెప్పాలి: 'రికార్డ్ రూమ్ ఖాళీగా ఉంది, అరగంట ఎవరూ రారు.' ముట్టుకోకూడదు. చేతిలో ఉన్న ఫైలింగ్ వేరేవాళ్లకి ఇచ్చేయాలి, ఇచ్చేశామని ఒక చీటీ మీద రాసి పెట్టాలి. లేకపోతే అక్కడ కూర్చుని కూడా దాని గురించే మథనపడుతుంది. తేరుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, ఆ రోజంతా పట్టొచ్చు. తిరిగి వచ్చాక సంజాయిషీ అడగొద్దు. మాట్లాడాలంటే మర్నాడు, అదీ రాతలో: 'నిన్న ఏది ముందు ఎక్కువైంది? ఈసారి దేన్ని ముందే ఆపాలి?'

సైగ ఒకటి ముందే అనుకుని ఉంచుకుంటే అక్కడిదాకా రాదు. టేబుల్ మీద ఎర్ర రంగు ఫైల్ నిలబెడితే ఎవరూ మాట్లాడించకూడదు. దానికి సంజాయిషీ అక్కర్లేదు. మిగతా ముగ్గురికీ ఒక్కో ఎర్ర ఫైల్ ఇవ్వండి, 19వ తారీఖు వాళ్లూ వాడతారు చూడండి.

హాస్టల్ గది నం. 7:

మధ్యలో దూరుతున్నా. ఆఫీసులో రోజంతా నెట్టుకొచ్చి సాయంత్రం గదికొచ్చాక ఇక ఏ పనీ ముందుకు కదలని వాళ్ల సంగతేంటి? వంట, బట్టలు, బిల్లులు. హాస్టల్ వదిలి విడిగా గది తీసుకున్నవాళ్లకి చెప్పండి.

పలకా బలపం:

వంటతో మొదలు. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టమనడం ఏడీహెచ్‌డీకి పడని పద్ధతి. రెండో విజిల్‌కీ మూడోదానికీ మధ్య ఫోన్ చూస్తే లెక్క పోతుంది, పప్పు మాడుతుంది. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి టైమర్ వేయాలి. నానబెట్టిన కందిపప్పుకి దాదాపు 10 నిమిషాలు. టైమర్ ఫోన్‌లో కాకుండా పొయ్యి పక్కన విడిగా ఉండాలి. గ్యాస్ కట్టేయడం మర్చిపోయే మనిషైతే టైమ్ అవగానే తనే ఆగిపోయే ఇండక్షన్ స్టవ్ మంచిది. కూరలు లోపలిది బయటికి కనపడే డబ్బాల్లో, ఫ్రిజ్‌లో ముందు వరుసలో పెట్టాలి. వెనక్కి పోయిన వంకాయ ఇక లేనట్టే.

వండలేని రోజు కోసం ఆలోచన అక్కర్లేని తిండి ఒకటి ఎప్పుడూ ఉండాలి: అటుకులు, పెరుగు, వేయించిన పల్లీలు. రోజూ అదే తింటున్నావేంటని ఇంట్లోవాళ్లు అంటారు. తిననివ్వండి. ఏడీహెచ్‌డీ మందుల్లో కొన్ని మధ్యాహ్నం ఆకలి చంపేస్తాయి, ఆకలేసినప్పుడు తిందాంలే అనుకుంటే సాయంత్రం ఐదింటికి చేతులు వణుకుతాయి. గడియారం చూసి తినాలి.

బట్టలు: ఒకసారి వేసుకున్నవి అటు బీరువాలోకీ వెళ్లవు, ఇటు ఉతికే బుట్టలోకీ వెళ్లవు, కుర్చీ మీద గుట్టవుతాయి. ఆ కుర్చీ బదులు గోడకి ఐదు కొక్కేలు. తాళం, బస్ పాస్, ఐడీ కార్డ్ ఇంకో కొక్కేనికి, అది తలుపు గొళ్లెం ఎత్తులో. కరెంట్ బిల్, ఫోన్ బిల్, అద్దె ఆటో పే, జీతం పడిన రెండో రోజుకి. అలారాలు రెండు: ఒకటి తయారవడం మొదలుపెట్టడానికి, ఇంకోటి గుమ్మం దాటడానికి. బస్ టైమ్‌కి పెట్టిన అలారం వల్ల ఉపయోగం లేదు, అది మోగేసరికి బస్ వెళ్లిపోయి ఉంటుంది.

గెజిట్ గోపాలం:

మందుల మాట వచ్చింది కాబట్టి లెడ్జర్ గారికి ఒక్క ముక్క. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మందు వాడేవాళ్లయితే అది ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద మనోప్రేరక పదార్థాల జాబితాలోది. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు, చీటీ ఉన్నా అన్ని షాపుల్లోనూ స్టాక్ ఉండదు. అయిపోవడానికి వారం ముందే వెతుక్కోవాలి. నెలకో పూట పర్మిషన్ అడిగితే ఎందుకని అడక్కుండా ఇచ్చేయండి. ఆ పూట 18, 19, 20 తారీఖుల్లో పడకుండా ఆమెతో ముందే మాట్లాడి నెల మొదటి వారంలో పెట్టుకోండి. ఆ వారంలో టీడీఎస్ కట్టే 7వ తారీఖు మాత్రం తప్పించండి.